మన వాగులో చెక్‌డ్యాం... పరదేశంలో ప్రదర్శన
పట్నం క్లబ్బువాళ్లు నీటి పని చేస్తామని వస్తే రైతులు ఏమి అడగాలి? ఏమి చూసుకోవాలి?

రోటరీ క్లబ్బు, లయన్స్ క్లబ్బు అంటే మన జిల్లాల్లో తెలియనివారు తక్కువ. పట్నంలో కంటి శిబిరం పెడితే ముసలివాళ్లను బండెక్కించి తీసుకుపోయాం. పిల్లలకు పోలియో చుక్కలు వేయించినప్పుడు ఆ బూత్ దగ్గర వాళ్ల బ్యానరు చూశాం. బడికి బల్లలు ఇచ్చారనో, మంచినీళ్ల ప్లాంటు పెట్టారనో వింటూ ఉంటాం. అయితే ఈ మధ్య కాలంలో ఈ క్లబ్బులు పొలాల వైపు కూడా వస్తున్నాయి. వాగుకు అడ్డంగా చెక్‌డ్యాం కడతాం, కుంట పూడిక తీయిస్తాం, గట్ల మీద మొక్కలు నాటిస్తాం అంటున్నాయి.

పని అయిన తరువాత ఫొటోలు తీసుకుంటారు. రైతుల చేత రెండు మాటలు చెప్పించి వీడియో తీస్తారు. కొన్నాళ్లకు ఆ ఫొటోలు ఏ పరదేశంలోనో జరిగే పెద్ద సభలో ప్రదర్శనకు పెట్టారని కబురు వస్తుంది. అప్పుడు రైతుకు వచ్చే అనుమానం ఒకటే. "మన వాగు ఫొటో అక్కడ పెడితే మనకేంటి లాభం? మన బోరులో నీళ్లు పెరుగుతాయా?"

న్యాయమైన ప్రశ్నే. ఆ సభ ఏమిటో, డబ్బు ఎలా కదులుతుందో, మన వంతు జాగ్రత్త ఏమిటో ఈ వారం తెలుసుకుందాం.

సేవా క్లబ్బులు ఎట్లా పుట్టాయి?

రోటరీ 1905లో అమెరికాలోని షికాగో నగరంలో మొదలైంది. పాల్ హారిస్ అనే వకీలు దీన్ని ప్రారంభించారు. లయన్స్ సంస్థకు 1917లో అదే షికాగోలో మెల్విన్ జోన్స్ పునాది వేశారు. రెండింటిలోనూ సభ్యులు వ్యాపారులు, డాక్టర్లు, ఇంజనీర్లు, ఉద్యోగులు. ఎవరి వృత్తి వారు చేసుకుంటూ, తీరిక వేళలో సేవ చేస్తారు. ఇవి ప్రభుత్వ శాఖలు కావు. కాబట్టి ఎమ్మార్వోనో, ఏఈనో అడిగినట్లు "మా ఊరికి మంజూరు చేయండి" అని హక్కుగా అడగలేం. వాళ్లు రావాలి, మనం ఒప్పుకోవాలి, ఇద్దరూ కలిసి చేయాలి.

పోలియో మీద రోటరీ 1985లో పెద్ద కార్యక్రమం ఎత్తుకుంది. ప్రభుత్వాలు, ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ కలిసి పని చేశాయి. మన దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్‌లో బయటపడింది. 2014 మార్చిలో మన ప్రాంతం పోలియో లేనిదని ధ్రువీకరణ వచ్చింది. ఏళ్ల తరబడి ఒకే పనిని వదలకుండా పట్టుకుంటే ఫలితం వస్తుందనడానికి ఇది నిదర్శనం. నీటి పనికి కూడా ఈ సూత్రమే వర్తిస్తుంది. ఒక ఏడాది కట్టి మరిచిపోతే నీరు నిలవదు.

పర్యావరణం మీద ఈ క్లబ్బుల దృష్టి కొత్తదేమీ కాదు. 1990-91లో బ్రెజిల్‌కు చెందిన పాలో కోస్టా రోటరీ ప్రపంచ అధ్యక్షుడుగా ఉన్నప్పుడే భూమిని కాపాడుకుందామని పిలుపునిచ్చారు. 2017-18లో అధ్యక్షుడైన ఆస్ట్రేలియావాసి ఇయాన్ రైజ్‌లీ సభ్యుడికి ఒక మొక్క చొప్పున నాటాలన్నారు. అయితే పర్యావరణ పనులకు రోటరీ ఫౌండేషన్ నుంచి విడిగా ఒక పద్దు కింద పెద్ద గ్రాంటు ఇవ్వడం 2021 జూలై 1 నుంచి మొదలైంది. అదే రోజు కోల్‌కతాకు చెందిన శేఖర్ మెహతా ప్రపంచ అధ్యక్షుడుగా బాధ్యతలు తీసుకున్నారు. లయన్స్ సంస్థ కూడా పర్యావరణాన్ని తన ముఖ్య సేవా రంగాల్లో ఒకటిగా పెట్టుకుంది.

పరదేశపు సభలో ఏం జరుగుతుంది?

రోటరీ వాళ్లు ఏటా ఒకసారి ప్రపంచ మహాసభ జరుపుకుంటారు. ఏడాదికో దేశం. కరోనా వల్ల 2020, 2021 సభలు కంప్యూటర్ల మీదనే జరిగాయి. 2022లో అమెరికాలోని హ్యూస్టన్‌లో, 2023లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో, 2024లో సింగపూర్‌లో, 2025లో కెనడాలోని కాల్గరీలో జరిగాయి. లయన్స్ వాళ్ల మహాసభ వేరుగా జరుగుతుంది.

ఈ సభల్లో ఉపన్యాసాలు ఒక పక్క, ప్రదర్శన మరో పక్క. ప్రదర్శన హాలును మన సంతతో పోల్చవచ్చు. వరుసగా స్టాళ్లు. ఒక స్టాలులో ఆఫ్రికా బావులు, మరో స్టాలులో తేనెటీగల పెంపకం, ఇంకో స్టాలులో మన దేశపు చెక్‌డ్యాం. సంతలో ఎడ్ల పళ్లు చూసి బేరమాడినట్లే, అక్కడ వేరే దేశపు క్లబ్బువాళ్లు వచ్చి పని వివరాలు అడుగుతారు. "ఎంత ఖర్చయింది? ఎంతమందికి మేలు జరిగింది? మేము కూడా చేయి కలపవచ్చా?" అంటారు.

ఇలా అడగడానికి ఒక కారణం ఉంది. రోటరీ పెద్ద గ్రాంటుకు ఒక్క క్లబ్బు సరిపోదు. పని జరిగే దేశంలో ఒక క్లబ్బు, బయటి దేశంలో ఒక క్లబ్బు జత కట్టాలి. పని ఖర్చు కనీసం 30 వేల డాలర్లు ఉండాలి. పరదేశపు సభలో స్టాలు పెట్టేది పేరు కోసం మాత్రమే కాదు, ఈ జతగాళ్లను వెతుక్కోవడానికి కూడా. కాబట్టి "ఫొటోల కోసం చేస్తున్నారులే" అని కొట్టిపారేయడం తగదు. అక్కడ కుదిరిన స్నేహం వల్ల ఇంకో ఊరికి, ఇంకో వాగుకు డబ్బు రావచ్చు.

అయితే రెండో వైపు కూడా చూడాలి. స్టాలులో పెట్టే ఫొటో సాధారణంగా మొదటి వానకు నిండిన చెక్‌డ్యాంది. నీళ్లు అలుగు పారుతుంటే చూడటానికి కన్నుల పండుగే. నాలుగో ఏడాది పూడికతో నిండిపోయి, పక్క కట్ట తెగిన చెక్‌డ్యాం ఫొటోను ఎవరూ గోడకు తగిలించరు. ఆ నాలుగో ఏడాది ఊళ్లో ఉండేది రైతే.

గ్రాంటు నియమాల్లో రైతుకు పనికొచ్చేవి

ఈ పెద్ద గ్రాంటుల్లో రైతుకు బలమిచ్చే నియమాలు కొన్ని ఉన్నాయి. పని మొదలు పెట్టకముందే ఊరి అవసరాలు ఏమిటో ఊరివాళ్లను అడిగి తెలుసుకోవాలి. అంటే ఆఫీసులో కూచుని "ఇక్కడ చెక్‌డ్యాం కడదాం" అని గీత గీయడం కుదరదు. ఫలితాన్ని కొలిచి చూపాలి. డబ్బు అయిపోయిన తరువాత కూడా పని నిలబడేటట్లు ఏర్పాటు ఉండాలి. గ్రాంటు నడిచినన్నాళ్లు ఏడాదికోసారి నివేదిక, పని పూర్తయ్యాక రెండు నెలల్లో తుది నివేదిక పంపాలి.

కాబట్టి క్లబ్బువాళ్లు ఊరికి వచ్చినప్పుడు "మీరు కడితే మాకంతే చాలు సార్" అని చేతులు కట్టుకుని నిలబడనవసరం లేదు. మీరు చెప్పే మాట వాళ్ల కాగితానికి కూడా అవసరమే. ఏ వాగు వానాకాలంలో ఎన్ని రోజులు పారుతుందో, ఏ బావి ఏ నెలలో ఎండుతుందో మీకు తెలిసినంతగా ఏ ఇంజనీరుకూ తెలియదు. అవన్నీ చెప్పండి. రాయించండి.

మరొక జాగ్రత్త. "పరదేశపు గ్రాంటు తెప్పిస్తాం, ఎకరాకు ఇంత ముందుగా కట్టండి" అని ఎవరైనా మధ్యవర్తి తిరిగితే నమ్మవద్దు. క్లబ్బు ఆఫీసుకు నేరుగా వెళ్లి అడగండి. ఊరంతా కలిసి శ్రమదానం చేయడం వేరు. గ్రాంటు ఇప్పిస్తామని లంచం లాగా డబ్బు గుంజడం వేరు.

ఒక చెక్‌డ్యాం ఎన్ని ఎకరాలు తడుపుతుంది?

ఇక్కడే చాలామంది పొరపాటు పడుతున్నారు. చెక్‌డ్యాం కట్టగానే వరి మడి కట్టవచ్చని అనుకుంటారు. లెక్క వేసి చూద్దాం.

వాగులో 200 మీటర్ల పొడవున, 10 మీటర్ల వెడల్పున నీరు నిలిచిందనుకోండి. గోడ దగ్గర లోతు ఒకటిన్నర మీటరు. ఎగువకు పోయే కొద్దీ లోతు తగ్గుతుంది కాబట్టి సగం లెక్కే తీసుకోవాలి. మొత్తం 1,500 ఘనపు మీటర్లు, అంటే 15 లక్షల లీటర్లు.

వినడానికి పెద్ద అంకె. కాని ఎకరాకు 5 సెంటీమీటర్ల తడి ఇవ్వడానికే సుమారు 2 లక్షల లీటర్లు కావాలి. అంటే ఒకసారి నిండిన నీరు ఒక ఎకరాకు ఏడు తడులు. వానాకాలంలో అయిదుసార్లు నిండి, అంతా భూమిలోకి ఇంకినా 75 లక్షల లీటర్లు. అందులో ఎండకు ఆవిరయ్యేది తీసేయాలి. అదంతా మన బావిలోకే వస్తుందన్న గ్యారంటీ కూడా లేదు.

వరికి సీజనులో 120 సెంటీమీటర్ల నీరు పెట్టామనుకుంటే ఎకరాకు 48 లక్షల లీటర్లకు పైనే అవుతుంది. అంటే ఆ 75 లక్షల లీటర్లు ఒకటిన్నర ఎకరం వరికి సరి. అదే నీటితో వేరుశనగకు ఎనిమిది, తొమ్మిది తడులు ఇస్తే నాలుగు ఎకరాలు తడుస్తాయి. ఖరీఫ్‌లో కందికో, జొన్నకో బెట్ట తగిలినప్పుడు ఒకటి రెండు తడులతో ఆదుకుంటే పదిహేను, ఇరవై ఎకరాల పంట నిలబడుతుంది.

బోర్ల లెక్క కూడా చూడండి. గంటకు 10 వేల లీటర్లు పోసే బోరు రోజుకు 9 గంటలు నడిస్తే 90 వేల లీటర్లు లాగుతుంది. 15 లక్షల లీటర్లను ఒక్క బోరే 17 రోజుల్లో తోడేస్తుంది. చుట్టూ అయిదు బోర్లుంటే మూడున్నర రోజులు! చెక్‌డ్యాం వచ్చిందని కొత్తగా మరో నాలుగు బోర్లు దింపితే కట్టిన పని కాస్తా గంగపాలే. కొత్త బావి, బోరు తవ్వాలంటే 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం కింద అనుమతి తీసుకోవాలన్న సంగతి కూడా మరవరాదు.

ఎక్కడ కట్టాలి? ఎక్కడ కట్టరాదు?

వాగు గట్లు రెండు వైపులా గట్టిగా, ఎత్తుగా ఉండి, మధ్య వెడల్పు తక్కువగా ఉన్న చోటు మంచిది. అడుగున గట్టి నేలో, రాయో తగలాలి. వాగు వంపు తిరిగే చోట కడితే వరద పక్క గట్టును కోసుకుపోతుంది. ఎగువ నేల నీరు ఇంకేదిగా ఉండాలి. బంకమన్ను అడుగు ఉంటే నీరు నిలుస్తుంది కాని ఇంకదు, ఎండకు ఆవిరైపోతుంది. దిగువన దగ్గరలో బావులుంటేనే ఇంకిన నీటికి ఫలితం కనిపిస్తుంది.

గోడ దాటి నీరు పడే చోట రాతి పరుపు తప్పనిసరి. అది లేకుంటే నీటి దెబ్బకు పునాది కింద గుంట పడుతుంది. గోడ చివరలు రెండు వైపులా గట్లలోకి బాగా లోపలికి పోవాలి. లేకుంటే మొదటి పెద్ద వరదకే వాగు పక్కనుంచి దారి చేసుకుంటుంది. గోడ మధ్యలో మిగులుతుంది, పక్క రైతు చేను కొట్టుకుపోతుంది.

అన్నిటికంటే ముఖ్యం, ఎగువ పొలాల పని. వాలుకు అడ్డంగా దున్నడం, గట్లు వేయడం, కందకాలు తీయడం, గట్ల మీద గడ్డి, చెట్లు పెంచడం ముందు చేయాలి. ఎగువన మట్టి కోత ఆగకపోతే చెక్‌డ్యాం మూడు నాలుగు ఏళ్లకే పూడిపోతుంది. ఫొటోలో కందకం అందంగా కనిపించదు. అందుకే దాన్ని వదిలేసి గోడ మాత్రమే కడదామనే వాళ్లుంటారు. గోడ ఒక్కటే వద్దు, గుట్ట నుంచి వాగు దాకా పని చేయాలని పట్టుబట్టండి.

పొలంలోనే సేద్యపు కుంట తవ్వుకోవడం సన్నకారు రైతుకు మరో దారి. పైన 10 మీటర్లు పొడవు, 10 మీటర్లు వెడల్పు, 3 మీటర్ల లోతు, పక్కలు ఒకటికి ఒకటి వాలుగా తవ్వితే 1 లక్షా 56 వేల లీటర్లు పడుతుంది. ఎకరా మెట్ట పంటకు బెట్ట సమయంలో పలుచగా ఒక తడి, రెండోది సగం ఇవ్వవచ్చు. ఇది మీ నీరు, మీ చేను. పక్కవాడితో తగాదా లేదు.

ఎగువ - దిగువ తగాదా

వాగు ఒక్క ఊరిది కాదు. ఎగువన మూడు చెక్‌డ్యాంలు కడితే వాన తక్కువైన ఏడాది దిగువ చెరువుకు నీరు రాదు. దిగువ ఆయకట్టు రైతు నోట్లో మట్టి పడుతుంది. పైవాళ్ల మేలు పేరుతో ఫొటో ప్రదర్శనకు పోతుంది, కిందివాళ్ల నష్టం ఏ బోర్డు మీదా ఉండదు. అందుకే పని నిర్ణయించే సమావేశానికి దిగువ ఊరి పెద్దలను కూడా పిలవాలి. గోడ ఎత్తు ఎంతో వాళ్ల ముందే తేల్చుకోవాలి. నీటిపారుదల శాఖ అనుమతి, పంచాయతీ తీర్మానం లేకుండా వాగులో రాయి కూడా వేయనివ్వరాదు.

నీరు నిలిచే మేర ఎవరి పట్టా భూమి అయినా మునుగుతుందా అన్నది కొలిపించి చూడాలి. సాధారణంగా మునిగేది వాగు ఒడ్డున అర ఎకరం, ఎకరం ఉన్న చిన్న రైతు చేనే. లాభం మాత్రం దిగువన అయిదు ఎకరాలు, బోరు ఉన్న రైతుకు పోతుంది. "ఊరి మేలు కోసం ఒప్పుకో తమ్ముడూ" అని నోటిమాటతో సరిపెట్టరాదు. అతనికి ఏమిస్తారో కాగితం మీద రాసుకోవాలి. నీటిలో వాటానా, పూడిక మట్టిలో మొదటి హక్కా, చేపల మీద రాబడా, మరేదైనా సరే, పని మొదలుకాక ముందే తేలాలి.

పేరు తరువాత... నియమం ముందు

నీటి పనితో పరదేశంలో పేరు తెచ్చుకున్న ఊళ్లు మన దేశంలో ఉన్నాయి. రాజస్థాన్‌లోని అల్వార్ జిల్లాలో రాజేంద్ర సింగ్ బృందం 1985 నుంచి ఊరివాళ్లతో కలిసి జోహడ్లు, అంటే మట్టి కట్టల కుంటలు బాగుచేయించింది. ఆయనకు 2001లో మెగసెసే, 2015లో స్టాక్‌హోం నీటి బహుమతి వచ్చాయి. అక్కడ అర్వరీ నది పరీవాహకంలోని సుమారు 70 ఊళ్లు కలిసి నీటి పార్లమెంటు పెట్టుకున్నాయి. నీరు ఎక్కువ తాగే చెరకు, వరి వంటి పంటల మీద కట్టడి చేసుకున్నాయి.

మహారాష్ట్రలోని హివరే బజార్‌లోనూ ఇదే దారి. సర్పంచిగా పనిచేసిన పోపట్‌రావు పవార్ నాయకత్వంలో ఊరంతా ఏటా వాన లెక్క వేసి, ఆ మేరకే పంట నిర్ణయించుకుంటారు. సాగుకు బోర్లు వేయరు. చెరకు, అరటి పెట్టరు. ఈ రెండు చోట్లా గోడల కంటే నియమాలే నీటిని కాపాడాయి. నియమం ఊరివాళ్లే పెట్టుకున్నారు కాబట్టి నిలిచింది.

నీరు పెరిగిందో లేదో మీరే కొలవండి

పనికి ముందే ఊళ్లో నాలుగైదు బావులు ఎంచుకోండి. తాడుకు రాయి కట్టి, ఒడ్డు నుంచి నీటి మట్టం ఎంత లోతున ఉందో ప్రతి నెలా ఒకే తేదీన, మోటారు ఆపి ఉన్నప్పుడు కొలిచి నోటు పుస్తకంలో రాయండి. మే నెల లెక్క, నవంబరు లెక్క ముఖ్యం. వాగుకు దూరంగా ఉన్న ఒక బావిని కూడా కొలవండి. వాన బాగా పడిన ఏడాది అన్ని బావుల్లోనూ నీరు పెరుగుతుంది. వాగు పక్క బావిలో అంతకంటే ఎక్కువ పెరిగితేనే అది చెక్‌డ్యాం చలవ. బడి పిల్లల చేత ఈ పని చేయిస్తే వాళ్లకూ లెక్కలు వస్తాయి.

ఈ పుస్తకం క్లబ్బువాళ్లకు కూడా బంగారం వంటిది. ప్రదర్శనలో ఒట్టి ఫొటో పెట్టడం కంటే రైతులు రాసిన మూడేళ్ల లెక్క పెడితే చూసేవాళ్లకు నమ్మకం కలుగుతుంది.

ఒప్పుకునే ముందు అడగాల్సినవి

1. ఈ స్థలాన్ని ఎవరు ఎంచారు? ఇంజనీరు వచ్చి చూశారా? అంచనా పత్రం తెలుగులో ఇస్తారా?
2. శాఖ అనుమతి, పంచాయతీ తీర్మానం ఉన్నాయా?
3. ఎవరి భూమి మునుగుతుంది? అతనికి ఏమిస్తారు?
4. ఎగువ పొలాల్లో గట్లు, కందకాల పని ఇందులో ఉందా?
5. మొత్తం ఖర్చు ఎంత? పని దగ్గర బోర్డు మీద రాస్తారా?
6. వరదకు దెబ్బ తింటే మొదటి రెండేళ్లు ఎవరు బాగుచేస్తారు?
7. ఆ తరువాత బాధ్యత ఎవరిది? పేర్లతో కమిటీ ఉందా? అందులో ఆడవాళ్లు, భూమి లేనివాళ్లు, దిగువ రైతులు ఉన్నారా?
8. ఫొటోలు, వీడియోలు ఎక్కడ చూపుతారు? మా మాటలు మేము చెప్పినట్లే రాస్తారా?

నిర్వహణ మన చేతుల్లోనే

ప్రతి మే నెలలో పూడిక తీయాలి. ఆ ఒండ్రును మెట్ట చేలకు తోలుకుంటే భూమికి సత్తువ, పదును నిలుపుకునే గుణం వస్తాయి. చౌడు ఉన్న మట్టి మాత్రం వద్దు, ముందు పరీక్ష చేయించండి. గోడ పక్కన మొలిచిన సర్కారు తుమ్మను చిన్నప్పుడే పీకేయాలి. వేర్లు ముదిరితే గోడ పగులుతుంది. రాతి పరుపులో ఒక్క రాయి కదిలినా వెంటనే సర్దాలి. ఇవాళ ఒక రాయితో పోయేది వచ్చే ఏడాది లారీడు రాయి మింగుతుంది. నీళ్లు వాడుకునే రైతులు ఎకరాకు కొంత చొప్పున ఏటా పోగుచేసి పోస్టాఫీసులోనో, బ్యాంకులోనో కమిటీ పేర దాచుకుంటే ఎవరి ముందూ చేయి చాచక్కర్లేదు.

సేవా క్లబ్బు సాయం చేస్తానంటే సంతోషంగా తీసుకోండి. వాళ్లను ఆదరించండి. పరదేశపు సభలో మన వాగు పేరు వినిపిస్తే గర్వపడదాం, తప్పులేదు. అయితే ఆ ఫొటో తీసిన అయిదేళ్ల తరువాత కూడా అదే చోట నిలబడి, అదే నీటిని చూపగలగాలి. అది క్లబ్బు చేతిలో లేదు, మన చేతిలో ఉంది. వచ్చే గ్రామసభలోనే ఈ మాట ఎత్తండి.